షార్ట్ గామా-రే బర్స్ట్‌ను టెలిస్కోప్‌తో ఎలా వెతకాలి, ఎలా వెంబడించాలి

షార్ట్ గామా-రే బర్స్ట్ అంటే దూర గెలాక్సీ నుంచి వచ్చే గామా కిరణాల పొట్టి మెరుపు. అది సాధారణంగా రెండు సెకన్లలోపే ముగిసిపోతుంది. మీకు అలర్ట్ అందేసరికే గామా కిరణాలు ఆగిపోయి ఉంటాయి. కాబట్టి టెలిస్కోప్‌తో మనం వెతికేది బర్స్ట్‌ని కాదు, దాని తర్వాత మిగిలిన వెలుగుని. ఆ వెలుగు గంటల్లోనే మసకబారుతుంది. పైగా అది ఆకాశంలో కచ్చితంగా ఎక్కడుందో చాలాసార్లు తెలియదు.

కాలేజీ లేదా పరిశోధన సంస్థ టెలిస్కోప్ మీద సమయం దొరికే విద్యార్థులను, మంచి కెమెరా బిగించిన సొంత టెలిస్కోప్ ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఈ పనిలో అందరూ ముందు వేగం గురించి మాట్లాడతారు. నేను మాత్రం ముందు చోటు గురించి ఆలోచించమంటాను. వెతకాల్సిన ప్రాంతం మీ కెమెరాలో పట్టకపోతే, టెలిస్కోప్‌ను ఎంత త్వరగా తిప్పినా ఫలితం ఉండదు.

ఏ వెలుగు కోసం వెతుకుతున్నారో తేల్చుకోండి

రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (భారీ నక్షత్రాలు పేలాక మిగిలే అతి చిక్కని గోళాలు) ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ చివరికి కలిసిపోయినప్పుడు సన్నని జెట్, అంటే పదార్థపు ధార, దూసుకొస్తుంది. ఆ జెట్ చుట్టుపక్కల ఉన్న పలుచని వాయువును ఢీకొంటే పుట్టేది ఆఫ్టర్‌గ్లో. ఇది ఎక్స్-రే నుంచి రేడియో దాకా అన్నింటిలో కనిపించవచ్చు. దీనితోపాటు, ఢీకొన్నప్పుడు బయటికి చిమ్మిన పదార్థంలో బంగారం, ప్లాటినం లాంటి బరువైన మూలకాలు తయారవుతాయి. వాటి రేడియోధార్మికత వల్ల ఆ పదార్థమే వేడెక్కి వెలుగుతుంది. అది కిలోనోవా.

ఈ రెండూ ఒకేలా ప్రవర్తించవు. ఆఫ్టర్‌గ్లో మొదటి నిమిషాల్లోనే ఎక్కువ ప్రకాశంగా ఉండి అప్పటినుంచీ తగ్గుతూ పోతుంది. ప్రకాశం సుమారుగా కాలానికి విలోమ నిష్పత్తిలో పడిపోతుందనుకుంటే, గంట దగ్గర చూసినదానికంటే పది గంటల దగ్గర 2.5 మాగ్నిట్యూడ్‌లు మసకగా ఉంటుంది (మాగ్నిట్యూడ్ ప్రకాశానికి కొలమానం, సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు తక్కువ). కిలోనోవా అలా కాదు. ఒకటి రెండు రోజుల్లో గరిష్ఠానికి చేరి, నీలం నుంచి ఎరుపుకి, అక్కడినుంచి ఇన్‌ఫ్రారెడ్‌కి జారుతుంది. మొదటి గంటల్లో మీరు వెతికేది ఎక్కువగా ఆఫ్టర్‌గ్లోనే. రెండో రోజు నుంచి ఎరుపు ఫిల్టర్లలో వెతకాల్సింది కిలోనోవాని.

మీ టెలిస్కోప్‌కి ఎంత దూరంలోది అందుతుందో కూడా ముందే లెక్క వేసుకోండి. 2017 ఆగస్టు 17న వచ్చిన జీఆర్‌బీ 170817ఎ (జీఆర్‌బీ అంటే గామా-రే బర్స్ట్, అంకెలు తేదీ) మనకు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో జరిగింది. దాని కిలోనోవా పదకొండు గంటల తర్వాత సుమారు 17వ మాగ్నిట్యూడ్‌లో కనిపించింది. అదే పేలుడు పది రెట్లు దూరంలో జరిగితే 22 దగ్గర ఉండేది. 30 సెంటీమీటర్ల టెలిస్కోప్ చీకటి ఆకాశం కింద చాలా ఎక్స్‌పోజర్లు కలిపితే 19, 20 దాకా వెళ్తుంది. రెండు మీటర్ల టెలిస్కోప్‌కి 22 అందుతుంది. షార్ట్ బర్స్ట్‌ల ఆఫ్టర్‌గ్లోలు సాధారణంగా కొన్ని గంటలకే 22, 23 దాటిపోతాయి. అందుకే చిన్న టెలిస్కోప్ ఉన్నవాళ్లు దగ్గర్లో జరిగినవాటి మీద, లేదా మొదటి నిమిషాల మీద దృష్టి పెట్టడం మంచిది.

రెండు సెకన్ల గీత గురించి కూడా ఒక మాట. కాంప్టన్ ఉపగ్రహం మీది బ్యాట్సీ పరికరం డేటాతో 1993లో షార్ట్, లాంగ్ బర్స్ట్‌ల ఆ విభజన స్థిరపడింది. అది మంచి ఆనవాలే కానీ పూర్తి నమ్మకం పనికిరాదు. జీఆర్‌బీ 211211ఎ అర నిమిషానికి పైగా సాగినా కిలోనోవా గుర్తులు చూపించింది. జీఆర్‌బీ 200826ఎ సుమారు సెకను పాటే ఉన్నా, దాని వెనుక ఉన్నది కుప్పకూలిన భారీ నక్షత్రమని తేలింది. జీఆర్‌బీ 200415ఎ అయితే ఎన్‌జీసీ 253 గెలాక్సీలోని మాగ్నెటార్ (అతి బలమైన అయస్కాంత క్షేత్రమున్న న్యూట్రాన్ నక్షత్రం) నుంచి వచ్చిన మెరుపు. అలర్ట్‌లో షార్ట్ అని ఉంటే ప్రాధాన్యం ఇవ్వండి, కానీ దాన్ని తుది తీర్పుగా తీసుకోకండి.

అలర్ట్‌లు నేరుగా మీ కంప్యూటర్‌కి వచ్చేలా పెట్టుకోండి

బర్స్ట్ సమాచారమంతా నాసా నడిపే జీసీఎన్ అనే అలర్ట్ వ్యవస్థ ద్వారా ప్రపంచానికి అందుతుంది. ఖాతా ఉచితం. ఇందులో రెండు రకాలు వస్తాయి. నోటీసులు కంప్యూటర్ చదవడానికి, సెకన్లలో వస్తాయి. సర్క్యులర్లు మనుషులు రాసేవి, గంటల్లో వస్తాయి. నోటీసుల కోసం కాఫ్కా అనే స్ట్రీమ్ ఉంది. జీసీఎన్ సైటులో మీకంటూ ఒక తాళంచెవి లాంటి కోడ్ తీసుకుని, వాళ్లే ఇచ్చే చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌ని ఎప్పుడూ నడిచే కంప్యూటర్‌లో పెట్టండి. పైథాన్ కొద్దిగా తెలిస్తే ఇది ఒక సాయంత్రంలో అయిపోయే పని.

అన్ని నోటీసులకూ ఫోన్ మోగితే మీరు వారంలోనే దాన్ని సైలెంట్‌లో పెట్టేస్తారు. ఫెర్మీ ఉపగ్రహంలోని జీబీఎమ్ పరికరం ఒక్కటే ఏడాదికి 200కు పైగా బర్స్ట్‌లు పట్టుకుంటుంది. వాటిలో షార్ట్‌వి ఇంచుమించు ఆరో వంతు. అందుకే ప్రోగ్రామ్‌లోనే వడపోత పెట్టండి: ఎర్రర్ (స్థానంలో అనిశ్చితి) ఎంతుంది, లక్ష్యం మీ ఆకాశంలో ఉందా, గురుత్వ తరంగాల (ఢీకొన్నప్పుడు స్థలకాలంలో లేచే అలల) సంకేతం జతగా ఉందా. ఈ మూడూ చూశాకే మిమ్మల్ని నిద్ర లేపాలా వద్దా అన్నది ప్రోగ్రామ్ తేల్చాలి.

ఒకే బర్స్ట్‌కి చాలా నోటీసులు వస్తాయని గుర్తుంచుకోండి. జీబీఎమ్ మొదట ట్రిగ్గర్ అయిందని మాత్రమే చెబుతుంది, తర్వాత ఉపగ్రహం మీదే లెక్కించిన స్థానం, ఆ తర్వాత భూమ్మీద లెక్కించిన స్థానం పంపుతుంది. మొదటి స్థానానికీ చివరి స్థానానికీ మధ్య చాలా డిగ్రీల తేడా ఉండొచ్చు. కొత్త నోటీసు రాగానే పాత ప్లాన్‌ని మార్చేలా ప్రోగ్రామ్ రాయండి.

ఎర్రర్ ఎంతో చూసి దారి ఎంచుకోండి

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. మిగతా పనంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

2004లో ప్రయోగించిన స్విఫ్ట్ ఉపగ్రహంలోని బ్యాట్ పరికరం బర్స్ట్‌ని సుమారు మూడు ఆర్క్ నిమిషాల లోపు చూపిస్తుంది (ఆర్క్ నిమిషం డిగ్రీలో అరవయ్యో వంతు, ఆర్క్ సెకను అందులో మళ్లీ అరవయ్యో వంతు). ఆ తర్వాత ఉపగ్రహం తనంతట తానే అటు తిరిగి ఎక్స్-రే టెలిస్కోప్‌తో చూస్తే ఆ స్థానం కొన్ని ఆర్క్ సెకన్లకు కుదించుకుపోతుంది. మామూలు కెమెరా క్షేత్రం 20 ఆర్క్ నిమిషాలున్నా మూడు ఆర్క్ నిమిషాల వృత్తం ఒకే ఫ్రేమ్‌లో హాయిగా పడుతుంది. అలాంటి అలర్ట్ వస్తే ఇంకేమీ ఆలోచించకుండా టెలిస్కోప్ తిప్పండి. ఎక్స్-రే స్థానం కోసం ఆగకండి, అది వచ్చాక ఆ ఫ్రేమ్‌లోనే వెతుక్కోవచ్చు.

2005 మే 9న వచ్చిన జీఆర్‌బీ 050509బీ విషయంలో ఇలాగే జరిగింది. అది సెకనులో ఇరవయ్యో వంతు కంటే తక్కువ సేపు వెలిగింది. అయినా స్విఫ్ట్ దాని ఎక్స్-రే ఆఫ్టర్‌గ్లోని పట్టుకుంది. ఒక షార్ట్ బర్స్ట్ ఎక్స్-రే ఆఫ్టర్‌గ్లో దొరకడం అదే మొదటిసారి. దగ్గర్లో ఒక పెద్ద ఎలిప్టికల్ గెలాక్సీ ఉంది. కొత్త నక్షత్రాలు పుట్టని అలాంటి ముసలి గెలాక్సీ పక్కన కనిపించడం, ఇవి భారీ నక్షత్రాల మరణాలు కావన్న వాదనకి బలమిచ్చింది. రెండు నెలల తర్వాత హెటీ-2 ఉపగ్రహం పట్టుకున్న జీఆర్‌బీ 050709కి మామూలు కాంతిలో కూడా ఆఫ్టర్‌గ్లో దొరికింది.

ఫెర్మీ జీబీఎమ్ నుంచి వస్తే పరిస్థితి వేరు. అందులోని డిటెక్టర్లు చిత్రం తీయవు. పన్నెండు సోడియం అయొడైడ్ డిటెక్టర్లు వేర్వేరు దిశల్లోకి చూస్తుంటాయి, ఏది ఎంత ఎక్కువ లెక్క పెట్టిందో పోల్చి దిశ చెబుతుంది. ఎర్రర్ వ్యాసార్ధం ఐదు డిగ్రీలంటే వెతకాల్సింది దాదాపు 80 చదరపు డిగ్రీలు. మీ కెమెరా అర చదరపు డిగ్రీ చూపించినా 160 ఫ్రేమ్‌లు కావాలి. నోటీసులో ఉన్న ఎర్రర్ గణాంక లోపం మాత్రమే కావచ్చు, దానికి కొన్ని డిగ్రీల సిస్టమాటిక్ లోపం (పరికరం, పద్ధతి వల్ల వచ్చేది) కూడా కలుపుకోవాలి. ఇలాంటప్పుడు వృత్తం గీసుకోకండి. నోటీసుతో వచ్చే హీల్‌పిక్స్ మ్యాప్ (ఆకాశాన్ని చిన్న గళ్లుగా చేసి ఒక్కో గడిలో బర్స్ట్ ఉండే సంభావ్యత చూపే పటం) తెరిచి, సంభావ్యత ఎక్కువున్న చోటి నుంచి మొదలుపెట్టండి.

ఒక్కోసారి ఇతర ఉపగ్రహాలు ఆదుకుంటాయి. ఒకే బర్స్ట్ రెండు ఉపగ్రహాలకు వేర్వేరు క్షణాల్లో చేరుతుంది. ఆ తేడా నుంచి ఆకాశంలో ఒక సన్నని వలయం గీయొచ్చు. మూడో ఉపగ్రహం ఉంటే వలయాలు ఖండించుకునే చోటు దొరుకుతుంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న విండ్ నౌకకి కాంతి చేరడానికే ఐదు సెకన్లు పడుతుంది కాబట్టి తేడా స్పష్టంగా తెలుస్తుంది. షార్ట్ బర్స్ట్‌లో ఒడుదొడుకులు చాలా పదునుగా ఉంటాయి కనుక ఈ కొలత ఇంకా బాగా కుదురుతుంది. జీఆర్‌బీ 200415ఎ ఎన్‌జీసీ 253 వైపు నుంచి వచ్చిందని తేల్చింది ఈ పద్ధతే. అయితే ఆ సమాచారం వచ్చేసరికి గంటలు, ఒక్కోసారి రోజు దాటుతుంది.

ఇక గురుత్వ తరంగాలను పట్టే లైగో, విర్గో డిటెక్టర్ల నుంచి సంకేతం జతగా వస్తే అన్నీ పక్కన పెట్టాల్సిందే. 2017లో గురుత్వ తరంగాల తర్వాత 1.7 సెకన్లకు గామా కిరణాలు వచ్చాయి. విర్గోలో సంకేతం దాదాపు కనిపించలేదు. అంటే ఆ దిశ విర్గోకి సరిగా వినబడని వైపు ఉందన్నమాట. ఆ ఒక్క విషయంతోనే వెతకాల్సిన ప్రాంతం 31 చదరపు డిగ్రీలకు తగ్గింది. శ్రీహరికోట నుంచి 2015లో వెళ్లిన మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహానికి అప్పుడు ఆ దిశ భూమి చాటున పడింది. ఎవరికి కనిపించలేదన్నది కూడా చిరునామాలో భాగమే, సర్క్యులర్లు చదివేటప్పుడు వాటిని దాటేయకండి.

గురుత్వ తరంగాల మ్యాప్ దూరాన్ని కూడా చెబుతుంది. దూరం తెలిస్తే ఆకాశమంతా జల్లెడ పట్టక్కర్లేదు, ఆ దూరంలో ఆ ప్రాంతంలో ఉన్న గెలాక్సీలను మాత్రమే ఒక్కొక్కటిగా చూడొచ్చు. చిలీలోని లాస్ కంపానస్‌లో ఒక మీటరు స్వోప్ టెలిస్కోప్ బృందం చేసిందదే. గెలాక్సీల జాబితా వరుసగా చూసుకుంటూ వెళ్లి తొమ్మిదో చిత్రంలో, ఎన్‌జీసీ 4993 గెలాక్సీ పక్కన, అంతకుముందు లేని చుక్కను పట్టుకున్నారు. బర్స్ట్ జరిగి అప్పటికి పదకొండు గంటలు. ఒక మీటరు టెలిస్కోప్ అంటే ఈ రంగంలో చిన్నదే. ఇరుకు క్షేత్రం ఉన్నవాళ్లకి ఈ దారే సరైనదని నా గట్టి అభిప్రాయం. గ్లేడ్ లాంటి గెలాక్సీ కేటలాగ్‌ని ముందే దించుకుని పెట్టుకోండి.

మీ ఆకాశంలో ఉందో లేదో లెక్క వేయండి

లక్ష్యం కనీసం 30 డిగ్రీల ఎత్తులో ఉండాలి. అంతకంటే కింద గాలి పొర మందమై చిత్రం పాడవుతుంది. చంద్రుడు ఎంత దగ్గర్లో ఉన్నాడో, ఎంత నిండుగా ఉన్నాడో చూడండి. సమయాలన్నీ యూటీసీలో ఉంటాయి, మన సమయానికి ఐదున్నర గంటలు కలపండి.

2017 బర్స్ట్‌నే హైదరాబాద్ నుంచి చూడాలనుకుంటే ఏమయ్యేదో లెక్క వేయండి. బర్స్ట్ సాయంత్రం 6:11కి. వాడుకోదగ్గ మ్యాప్ వచ్చింది రాత్రి 11:24కి. ఎన్‌జీసీ 4993 రాత్రి తొమ్మిది దాటాక కాసేపటికే అస్తమించింది. అంటే మరుసటి సాయంత్రం దాకా దారి లేదు. అప్పుడైనా పూర్తి చీకటి పడేసరికి అది 20 డిగ్రీలకంటే కిందే ఉండేది. ఇలాంటప్పుడు 30 డిగ్రీల నియమాన్ని పక్కన పెట్టి సంధ్య వెలుగులోనే మొదలుపెట్టాలి. ఆ రాత్రి చిలీకి దొరికిన అవకాశమూ చీకటి పడగానే ఉన్న ఆ కాసేపే. అందుకే లక్ష్యం మీకు అందకపోతే పడమర దేశాల్లో ఉన్నవాళ్లకి వదిలేసి, మీ వంతు ఎప్పుడొస్తుందో రాసిపెట్టుకోండి. లడఖ్‌లోని హాన్లేలో ఉన్న గ్రోత్-ఇండియా 70 సెంటీమీటర్ల టెలిస్కోప్, రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఈ పనిలో విలువైనవి కావడానికి ఒక కారణం, చిలీలోనూ హవాయిలోనూ పగలున్నప్పుడు మన దగ్గర రాత్రి ఉండటమే.

ఎక్స్‌పోజర్లు తీసే పద్ధతి

ఒకే పొడవాటి ఎక్స్‌పోజర్ వద్దు. 60 నుంచి 120 సెకన్లవి చాలా తీసి తర్వాత కలపండి. ప్రతి రెండు మూడింటి మధ్య టెలిస్కోప్‌ని కొన్ని ఆర్క్ సెకన్లు జరపండి, కెమెరాలో చెడ్డ పిక్సెల్ మీకు కొత్త నక్షత్రంలా కనిపించకుండా ఉంటుంది.

మొదటి నిమిషాల్లో ఆర్ (ఎరుపు) ఫిల్టర్ వాడండి. టెలిస్కోప్ చాలా చిన్నదైతే ఫిల్టర్ లేకుండా తీసినా సరే. కానీ అరగంట దాటాక తప్పకుండా ఫిల్టర్ పెట్టండి, ఇన్‌ఫ్రారెడ్ వైపు ఉండే ఐ గానీ జెడ్ గానీ కూడా తీయండి. రంగు తెలియని కొలతతో కిలోనోవానీ ఆఫ్టర్‌గ్లోనీ వేరు చేయలేం.

సమయాలను సమాన వ్యవధుల్లో పంచకండి. పది నిమిషాలు, అరగంట, గంటన్నర, నాలుగైదు గంటలు, మరుసటి రాత్రి, ఇలా సుమారు మూడేసి రెట్లుగా పెంచుకుంటూ వెళ్లండి. తగ్గే వేగం కాలం రెట్లతో మారుతుంది కాబట్టి రాత్రంతా ప్రతి ఐదు నిమిషాలకి తీసినదానికంటే ఇలా తీసిన నాలుగు చిత్రాలే ఎక్కువ చెబుతాయి. కెమెరా కంప్యూటర్ గడియారాన్ని ఇంటర్నెట్ సమయంతో సరిచేసుకోండి. ఫైలులో రాసిన సమయం ఎక్స్‌పోజర్ మొదలైనదా, మధ్యదా అన్నది ముందే తెలుసుకోండి. బయాస్, డార్క్, ఫ్లాట్ ఫ్రేమ్‌లు (కెమెరా లోపాలను సవరించడానికి తీసేవి) అలర్ట్ రాని రాత్రుల్లోనే సిద్ధం చేసుకోండి.

కొత్త చుక్కను పట్టుకోవడం

చిత్రానికి ఆకాశ నిర్దేశాంకాలు వేయడానికి ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్ చాలు. ఆ తర్వాత పాత సర్వేతో పోల్చాలి. డెక్ (డెక్లినేషన్, ఆకాశంలో అక్షాంశం లాంటిది) మైనస్ 30కి ఉత్తరాన ఉంటే పాన్-స్టార్స్ సర్వే చిత్రాలు దొరుకుతాయి. మన ప్రాంతానికి అవే ఎక్కువ పనికొస్తాయి.

రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి కళ్లతో చూస్తే సరిపోదా అనిపిస్తుంది. షార్ట్ బర్స్ట్‌ల విషయంలో సరిపోదు. ఇవి చాలావరకు తమ గెలాక్సీ కేంద్రం నుంచి కొన్ని కిలోపార్సెక్‌ల (ఒకటి సుమారు 3,260 కాంతి సంవత్సరాలు) దూరంలో జరుగుతాయి. వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి చూస్తే అది ఒక్క ఆర్క్ సెకను అంత. మన గాలిలో నక్షత్రం బొమ్మే అంతకంటే లావుగా పడుతుంది. అంటే ఆఫ్టర్‌గ్లో గెలాక్సీ మసకలో కలిసిపోతుంది. ఒక చిత్రంలోంచి మరొకటి తీసేస్తేనే మిగిలేది కనిపిస్తుంది. దీనికి హాట్‌ప్యాంట్స్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. తీసివేతలో ప్రకాశవంతమైన నక్షత్రాల దగ్గర నలుపు-తెలుపు జంట మరకలు వస్తాయి, వాటిని చూసి పొరబడకండి.

అన్నిటికంటే మంచి రిఫరెన్స్ మీ టెలిస్కోప్‌తో, మీ ఫిల్టర్‌తో కొన్ని వారాల తర్వాత మీరే తీసుకున్నది. వెలుగు పూర్తిగా పోయాక అదే చోటిని మళ్లీ లోతుగా తీయండి.

అది నిజంగా అదేనా?

ఆకాశంలో ప్రతి రాత్రీ కొత్త చుక్కలు కనిపిస్తూనే ఉంటాయి. ఎర్రర్ ప్రాంతం పెద్దదైన కొద్దీ సంబంధం లేనివి ఎక్కువ దొరుకుతాయి.

ముందుగా గ్రహశకలాలు. అరగంట తేడాతో రెండు చిత్రాలుంటే చాలు. ప్రధాన పట్టీలోని శకలం గంటకు సుమారు అర ఆర్క్ నిమిషం కదులుతుంది. మైనర్ ప్లానెట్ సెంటర్ సైటులో ఆ సమయానికి ఆ చోట తెలిసిన శకలముందేమో చూడండి. ఆ తర్వాత ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల మెరుపులు: పాత చిత్రాల్లో, గయా ఉపగ్రహపు నక్షత్ర కేటలాగ్‌లో అక్కడ మసక ఎర్ర నక్షత్రముంటే అనుమానించండి. చివరగా సంబంధం లేని సూపర్‌నోవాలు. ట్రాన్సియంట్ నేమ్ సర్వర్‌లో ఆ చోటు ఇప్పటికే నమోదై ఉంటే బర్స్ట్ కంటే ముందే వెలిగిందని తేలిపోతుంది.

వీటన్నిటినీ దాటినా అది తగ్గుతోందని చూసేదాకా ఆఫ్టర్‌గ్లో అని పిలవకండి. ఒక్క చిత్రంతో దొరికినదాన్ని కాండిడేట్ అనే అనాలి. పెద్ద టెలిస్కోప్‌ల సమయం చాలా విలువైనది, మన తొందర మాట నమ్మి వాళ్లు వేరే చోటికి తిరిగితే అసలైనది ఆ రాత్రికి చేజారిపోతుంది. అయితే కాండిడేట్ దొరికిందన్న విషయాన్ని దాచిపెట్టుకోవడం కూడా తప్పే. ఉన్నది ఉన్నట్టు వెంటనే చెప్పండి.

గెలాక్సీతో జత కలిపేటప్పుడూ ఇదే జాగ్రత్త. విలీనమయ్యే జంటలు పుట్టిన చోటు నుంచి తన్నివేయబడి, చాలా కాలం ప్రయాణించి గెలాక్సీ బయట ఎక్కడో ఢీకొనవచ్చు. దగ్గరున్న గెలాక్సీయే ఇల్లు కానక్కర్లేదు. అంత ప్రకాశమున్న గెలాక్సీ అంత దగ్గర్లో యాదృచ్ఛికంగా పడే సంభావ్యత ఎంతో లెక్కించి, కొన్ని శాతం లోపుంటేనే జత అనండి.

రిపోర్ట్ రాయడం

జీసీఎన్ సర్క్యులర్ పొట్టిగా ఉండాలి: ఏ టెలిస్కోప్, బర్స్ట్ జరిగిన ఎంతసేపటికి, ఎంత ఎక్స్‌పోజర్, ఏ ఫిల్టర్, ఆర్‌ఏ, డెక్ (ఆకాశ నిర్దేశాంకాలు), మాగ్నిట్యూడ్, దాని ఎర్రర్, ఏ కేటలాగ్‌తో కొలిచారు, మన పాలపుంత ధూళికి సవరణ చేశారా లేదా. చివరిది మర్చిపోతే మీ సంఖ్య ఇంకొకరి సంఖ్యతో కలవదు.

ఏమీ దొరకలేదా? అదీ రాయండి. "ఎర్రర్ వృత్తం మొత్తం చూశాం, 4 గంటల దగ్గర ఆర్ ఫిల్టర్‌లో 20.5 దాకా ఏమీ లేదు" అన్న వాక్యం చాలా పనికొస్తుంది. మరొకరు మూడు రోజుల తర్వాత కిలోనోవా కనుగొంటే, మొదటి రోజు అది ఎంతకంటే ప్రకాశంగా లేదో మీ వాక్యమే చెబుతుంది. ఎర్రర్ ప్రాంతంలో ఎంత శాతం కవర్ చేశారో తప్పకుండా రాయండి, అది లేకపోతే ఆ పరిమితికి అర్థమే లేదు.

రోజులు గడిచాక

చాలామంది రెండో రాత్రికే వదిలేస్తారు. నాకు అక్కడే బాధ కలుగుతుంది. 2013 జూన్ 3న వచ్చిన జీఆర్‌బీ 130603బీ ఆఫ్టర్‌గ్లో త్వరగానే మసకబారింది. తొమ్మిది రోజుల తర్వాత హబుల్ అటు తిరిగితే మామూలు కాంతిలో ఏమీ లేదు, ఇన్‌ఫ్రారెడ్‌లో మాత్రం ఒక చుక్క. నెల తర్వాత చూస్తే అదీ లేదు. షార్ట్ బర్స్ట్‌తో కలిసి వచ్చిన కిలోనోవాకి మొదటి గట్టి సాక్ష్యం అలా దొరికింది. 2017లోనూ ఎక్స్-రేలు చంద్రా అబ్జర్వేటరీకి తొమ్మిది రోజులకి, రేడియో తరంగాలు వీఎల్ఏ టెలిస్కోప్‌కి పదహారు రోజులకి కనిపించాయి. జెట్ మనవైపు నేరుగా కాక పక్కకి చూస్తుండటం వల్ల ఆ వెలుగు ఆలస్యంగా మనదాకా వచ్చింది.

మీ టెలిస్కోప్‌కి అంత లోతు లేకపోతే ఆ దశలో చేయదగ్గది పెద్ద టెలిస్కోప్‌కి దరఖాస్తు. దేవస్థల్‌లోని 3.6 మీటర్ల టెలిస్కోప్, పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ లాంటివి అనుకోని సంఘటనల కోసం అత్యవసర ప్రతిపాదనలు తీసుకుంటాయి. బర్స్ట్ వచ్చాక రాయడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది. శాస్త్రీయ కారణం, ఎంత సమయం కావాలి, ఏ పరిస్థితి వస్తే పరిశీలన మొదలుపెట్టాలి అన్న మూడు భాగాలూ ముందే రాసి ఉంచుకుని, బర్స్ట్ రాగానే పేరు, స్థానం, మీ కొలతలు నింపి పంపండి.